ఓర్ఫా అత్త పదకొండు సెకన్లు

పాలు పాడైతే హోల్మ్ క్రీక్‌లో ముందుగా పసిగట్టేది వెర్లిన్ ఆస్ప్‌లండ్ ముక్కే. జున్ను కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళుగా అతని ఉద్యోగం అదే. పొద్దున్నే రైతుల క్యాన్లు బండి మీద నుంచి వరసగా దిగుతాయి. వెర్లిన్ ఒక్కొక్క మూతా ఎత్తి, వంగి వాసన చూసి, బాగుంటే లోపలికి తొయ్యమంటాడు. తేడాగా ఉంటే ఎర్ర చీటీ కట్టి వెనక్కి తిప్పేస్తాడు. ఆ పాలు సొంత బావమరిదివైనా, చర్చి పాస్టరుగారివైనా ఒకటే. క్యాను తిరిగొచ్చినవాళ్ళు రెండు రోజులు మొహం ముడుచుకుని, మూడో రోజు క్యాను వేడినీళ్ళతో తోమి తెచ్చేవాళ్ళు.

అంతటి ముక్కున్న మనిషి డ్వేన్ క్రాట్జ్‌ని రెండు ఆదివారాలు తన వంటింట్లో కూర్చోబెట్టుకుని కూడా వాసన పట్టలేకపోయాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా వెర్లిన్‌కి డ్వేన్ మీద కన్నా తన ముక్కు మీదే ఎక్కువ మంట.

సంగతి మొదటి నుంచీ చెప్పుకోవాలి. వెర్లిన్ ఒక చలికాలమంతా విడిభాగాలు తెప్పించుకుని, వంటింటి బల్ల మీద కంప్యూటరు కట్టుకున్నాడు. పక్కనే ఫోను రిసీవర్ని బోర్లించడానికి రెండు రబ్బరు గిన్నెలున్న మోడెం. కంప్యూటరు తన మాటను ఈలగా మార్చి రిసీవర్లోకి ఊదుతుంది, అవతలి ఊళ్ళో ఇంకో కంప్యూటరు ఆ ఈలను వింటుంది. టామరాక్ కౌంటీ కంప్యూటర్ల సంఘంలో ఇలాంటి పిచ్చివాళ్ళు ఇరవై ముగ్గురున్నారు. ఒకరు రాసుకున్న ప్రోగ్రాం ఇంకొకరికి కావాలంటే మంచులో నలభై మైళ్ళు కారు తోలుకుంటూ డిస్కు పట్టుకెళ్ళాలి. ఫోన్లో పంపుదామంటే దారిలో అక్షరాలు చెడిపోతాయి. అలాంటి ప్రోగ్రాంలో ఒక్క అక్షరం చెడినా మొత్తం పనికిరాదు.

వెర్లిన్ దీనికి తన ఉద్యోగంలోంచే ఉపాయం తీశాడు. ఫైలుని నూట ఇరవై ఎనిమిది అక్షరాల చొప్పున క్యాన్లలా విడగొట్టాడు. కంప్యూటరు లోపల ప్రతి అక్షరమూ ఒక అంకే కాబట్టి, ఒక్కో క్యానులోని అంకెలు కూడగా వచ్చిన మొత్తం ఆ క్యానుకే తగిలించి పంపుతాడు. అవతలి కంప్యూటరు తానూ కూడి చూసుకుంటుంది. సరిపోతే ‘అందింది’ అంటుంది, సరిపోకపోతే ‘మళ్ళీ పంపు’ అంటుంది. పదిసార్లు వరసగా చెడితే ఇక లాభం లేదని ఆపేస్తుంది. ఆ ప్రోగ్రాంకి ‘పాలక్యాను’ అని పేరు పెట్టాడు. సంఘం అధ్యక్షుడు లెలండ్ బాష్ కౌంటీ పట్టణంలో హైస్కూలు లెక్కల మాస్టారు. క్యాన్లు అందుకోవడానికి అతనే అవతలి కొసన కూర్చున్నాడు. మొదటి క్యాను వెళ్ళింది, రెండోదీ వెళ్ళింది. మూడోదాని దగ్గర ఓర్ఫా అత్త ఫోనెత్తింది.

హోల్మ్ క్రీక్‌లో నాలుగిళ్ళకి ఒకటే ఫోను తీగ, ఫోను ఎవరికో గంటలు మోగే తీరుని బట్టి తెలుసుకోవాలి. వెర్లిన్‌కి రెండు పొడుగు గంటలు, ఒక పొట్టి గంట. పక్కింటి ఓర్ఫా ట్వైట్‌కి ఒకటే పొడుగు గంట. ఆవిడకి డెబ్భై తొమ్మిదేళ్ళు, ఊరందరికీ అత్తే. ఎవరి గంట మోగినా, అసలు ఏ గంటా మోగకపోయినా, పూటకి ఏడెనిమిది సార్లు రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకోవడం ఆవిడకి అలవాటు. ఆవిడ ఎత్తగానే ఆ గదిలో రేడియో చెప్పే పందుల ధరలు, పిల్లి అరుపులు, ఆవిడ ఊపిరి, అన్నీ వెర్లిన్ ఈలలో కలిసి క్యాన్లన్నీ విరిగిపోయేవి.

వెర్లిన్ వెళ్ళి బతిమాలాడు. "అత్తా, ఆదివారం మధ్యాహ్నం ఒక్క గంట ఎత్తకుండా ఉండవా?"

"నేనెక్కడ ఎత్తాను? లైను ఖాళీగా ఉందా లేదా అని చూశానంతే."

"చూడాలంటే ఎత్తాలిగా!"

"ఎత్తకుండా ఎలా చూస్తారురా? నీ పెట్టె పందిని కోస్తున్నట్టు అరుస్తుంటే నేనేమన్నా అన్నానా? ఛీ ఛీ అనుకుని పెట్టేశాను."

ఆవిడని మార్చడం ఎవరివల్లా కాదని వెర్లిన్‌కి తెలుసు. అందుకే గడియారం పట్టుకుని కూర్చున్నాడు. పద్నాలుగు ఆదివారాలు లెక్కపెట్టాడు. ఆవిడ ఎత్తడం, వినడం, ‘మళ్ళీ ఆ దిక్కుమాలిన ఈలే’ అని పిల్లికి చెప్పడం, పెట్టెయ్యడం. అన్నీ కలిపి ఎంత తొందరగా ముగించినా తొమ్మిది సెకన్లు, ఎంత సాగదీసినా పదకొండు. పాలక్యానేమో మొదట్లోనే చెడిన క్యాన్ని సెకనుకోసారి మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టి, పది సెకన్లలో పది ప్రయత్నాలూ ఖర్చుపెట్టుకుని చేతులెత్తేసేది. ఇంకొక్క సెకను ఓపిక పడితే ఆవిడ పెట్టేసేది కదా అని అతనికి అప్పుడు వెలిగింది. ‘మళ్ళీ పంపు’ అని వినబడితే పంపే కంప్యూటరు పదకొండు సెకన్లు నోరు మూసుకోవాలి, ఆ తర్వాతే పంపాలి. ఆ ఒక్క మార్పుతో పాలక్యాను పరుగెత్తింది. ప్రోగ్రాంలో ఆ వరస పక్కన ‘ఓర్ఫా అత్త కోసం’ అని రాసుకున్నాడు. లెలండ్‌కి చెబితే అతను ఫోన్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

పాలక్యాను అందరికీ ఊరికే ఇచ్చాడు వెర్లిన్. సంఘం డిస్కులో పెట్టారు. మొదటి వరసలో అతని పేరు ఉండేది. అతను కోరుకున్నదల్లా ఆ ఒక్క వరసే.

పంటల బీమా అమ్ముకునే డ్వేన్ క్రాట్జ్ అప్పుడే సంఘంలో చేరాడు. "నాకు మట్టిబుర్ర, మీరే అక్షరం అక్షరం చెప్పాలి మాస్టారూ" అని వెర్లిన్ వంటింట్లో చేరగిలబడ్డాడు. రెండు ఆదివారాలు వెర్లిన్ చెప్పాడు, డ్వేన్ రాసుకున్నాడు. వెర్లిన్ భార్య ఆర్లిస్ పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన ‘పై’ అనే తీపిరొట్టె రెండుసార్లూ మూడేసి ముక్కలు తిని, వేళ్ళు నాకి, అదే చేత్తో ప్రోగ్రాం కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. ఎనిమిది నెలల తర్వాత ‘వైర్ హాక్’ అనే పెట్టె బజారులోకి వచ్చింది. మెరిసే అట్ట, దాని మీద డేగ బొమ్మ, లోపల డిస్కు, ముప్ఫై పేజీల పుస్తకం. కర్త, డ్వేన్ క్రాట్జ్.

వెర్లిన్ ఆ ప్రోగ్రాంని వరస వరసా చదివాడు. తన పేరు లేదు. ఓర్ఫా అత్త పేరు లేదు. పదకొండు మాత్రం అలాగే కూర్చునుంది. మూత ఎత్తితే పుల్లటి కంపు గుప్పున కొట్టినట్టయింది అతనికి.

అది చాలదన్నట్టు ఏప్రిల్లో లాయరు ఉత్తరం వచ్చింది. పాలక్యాను అనేది వైర్ హాక్‌కి నకలట. దాన్ని పంచడం వెర్లిన్ వెంటనే మానుకోవాలట, సంఘం డిస్కులోంచి తీసేయాలట. లేకపోతే వెర్లిన్‌నీ సంఘాన్నీ కోర్టుకి ఈడుస్తారట. వెర్లిన్ ఆ ఉత్తరాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు, బల్ల చివర పెట్టాడు.

లెలండ్ ఫోను చేశాడు. "నాకూ వచ్చింది. శనివారం మీటింగులో చేతులెత్తించి తేలుద్దాం."

"తేల్చడానికేముంది లెలండ్? మొదటి క్యాను అందుకున్నది నువ్వే కదా!"

"నాకు తెలుసయ్యా. నాకు తెలిస్తే సరిపోతుందా?"

"సరిపోదా?" అన్నాడు వెర్లిన్. "శనివారం రా" అన్నాడు లెలండ్. అప్పుడే టక్‌మని చిన్న చప్పుడు వినపడింది. అది లెలండ్ పెట్టేసిన చప్పుడు కాదు.

శనివారం వెర్లిన్, ఆర్లిస్ బయల్దేరుతుంటే, ఓర్ఫా అత్త చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని కారు దగ్గర నిలబడి ఉంది.

"ఎక్కడికత్తా?" అంది ఆర్లిస్.

"మీటింగుకి. ఆ పదకొండు సెకన్లు నావేనట కదా. ఎవడో ఎత్తుకుపోతుంటే ఇంట్లో కూర్చుంటానా?"

లూథరన్ చర్చి నేలమాళిగలో మీటింగు. పెద్ద కూజాలో కాఫీ, పళ్ళేల్లో నిమ్మకాయ బార్లు అనే తీపి బిళ్ళలు. డ్వేన్ కొత్త సూట్లో వచ్చి, తన పెట్టెలు గోడవారగా పేర్చి, అందరి భుజాలూ తడుతూ తిరుగుతున్నాడు. వెర్లిన్ భుజం కూడా తట్టాడు. "మన మధ్య కోపాలేం లేవుగా మాస్టారూ? వ్యాపారం వ్యాపారమే." వెర్లిన్‌కి ఆ భుజాన్ని ఇంటికెళ్ళి సబ్బుతో కడుక్కోవాలనిపించింది.

తన వంతు రాగానే వెర్లిన్ ఎక్కువ మాట్లాడలేదు. వైర్ హాక్ పుస్తకం తెరిచి అడిగాడు. "డ్వేన్, చెడిన ముక్కని మళ్ళీ పంపేముందు నీ ప్రోగ్రాం పదకొండు సెకన్లు ఆగుతుంది. పది ఎందుకు కాదు? పన్నెండు ఎందుకు కాదు?"

డ్వేన్ తడుముకోలేదు. "మంచి ప్రశ్న. రాగి తీగకి ఒక స్వభావం ఉంటుంది మాస్టారూ. దెబ్బ తగిలితే అది కుదుటపడాలి. మేం ఆరు నెలలు పరీక్షలు చేసి తేల్చాం. పదకొండు సెకన్లకి తీగ చల్లబడుతుంది."

"తీగ కాదురా, నేను!" అని లేచింది ఓర్ఫా అత్త.

గోడకి చర్చి ఫోను ఉంది. ఆవిడ తుంటి పట్టుకుంటూ నడిచి దాని దగ్గరికెళ్ళింది. "లెలండ్, గడియారం చూడు" అని రిసీవరు ఎత్తింది. చెవి దగ్గర పెట్టుకుంది. మొహం చిట్లించింది. "ఛీ ఛీ, మళ్ళీ ఆ దిక్కుమాలిన ఈలే" అని పక్కన లేని పిల్లితో చెప్పింది. తాపీగా పెట్టేసింది.

లెలండ్ గడియారంలోంచి తలెత్తకుండా అన్నాడు. "పదకొండు."

నేలమాళిగ దద్దరిల్లింది. కాఫీ పొలమారినవాళ్ళు, బల్లలు చరిచినవాళ్ళు, కళ్ళు తుడుచుకున్నవాళ్ళు. వెర్లిన్ గుండె తేలికపడింది. అయిపోయింది, ఇక దాచడానికేముందని డ్వేన్ వైపు చూశాడు. డ్వేన్ కూడా నవ్వుతున్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వుతున్నాడు. నవ్వి, చప్పట్లు కొట్టి, "మామ్మగారికి నా తరఫున ఒక పెట్టె!" అన్నాడు. "మీకందరికీ కూడా. సంఘం సభ్యులకి తలా ఒక వైర్ హాక్, ఊరికే. ఈ గొడవ ఇక్కడితో ఆపేద్దాం."

నవ్వులు సన్నబడ్డాయి. జనం గోడవార పెట్టెల వైపు చూశారు. లెలండ్ గొంతు సవరించుకున్నాడు. "నవ్వుకోవడం వేరు, కోర్టు వేరు. లాయర్ని పెట్టుకునే తాహతు సంఘానికి లేదు. పాలక్యానుని డిస్కులోంచి తీసేద్దామనేవాళ్ళు చేతులెత్తండి." అని తన చెయ్యే ముందు ఎత్తాడు.

పందొమ్మిది చేతులు లేచాయి. కొందరి చేతుల్లో నిమ్మకాయ బార్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఇప్పుడే కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వినవాళ్ళే. నిజం తెలియక కాదు, తెలిసి, చూసి, నవ్వి మరీ ఎత్తారు. తర్వాత వరసగా వెళ్ళి పెట్టెలు అందుకున్నారు. అబద్ధం చెప్పిన డ్వేన్ మీద వెర్లిన్‌కి అంత రోత కలగలేదు. ఈ వరస చూస్తే కలిగింది. ఇరవై ఆరేళ్ళలో అంత చెడ్డ వాసన అతని ముక్కుకి తగల్లేదు.

కార్లో ఓర్ఫా అత్త అడిగింది. "నేనూ ఎత్తాను, వద్దని. నా చెయ్యెందుకు లెక్కపెట్టలేదు?"

"నువ్వు సంఘంలో లేవుగా అత్తా."

"థూ. లేకపోవడమే మంచిదైంది."

ఆ తర్వాత నాలుగు వారాలు వెర్లిన్ కంప్యూటరు జోలికి పోలేదు. ఆర్లిస్ దాని మీద దుప్పటి కప్పింది. రబ్బరు గిన్నెలు కనపడితే చాలు, అతనికి ఆ పందొమ్మిది చేతులే కళ్ళలో మెదిలేవి. కార్ఖానాలో మామూలుగానే మూతలెత్తి వాసన చూస్తున్నాడు కానీ, "పాలు నయం, పాడైతే పాడయ్యామని చెప్తాయి" అని ఆర్లిస్‌తో అన్నాడు.

అయిదో ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చుంటే, రెండు పొడుగు గంటలు, ఒక పొట్టి గంట మోగాయి. లెలండ్.

"పక్కన ఎవరన్నా ఉన్నారా?" గొంతు తగ్గించి అడిగాడు.

"ఆర్లిస్ ఉంది."

"సరే. ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి వెర్లిన్."

టక్. వెర్లిన్‌కి వినపడింది. లెలండ్‌కి వినపడినా అర్థం కాలేదు. పట్నంలో అతనిది సొంత తీగ. తన మాట తన నోట్లోంచి తిన్నగా అవతలి చెవిలోకే పోతుందని అనుకునే రకం.

"చెప్పు" అన్నాడు వెర్లిన్.

"డ్వేన్ కొత్త డిస్కు ఇచ్చాడు. పాతవి వెనక్కి తీసేసుకున్నాడు. ఆ రోజు అందరూ నవ్వారని ఉక్రోషమనుకుంటా, పదకొండు తీసిపారేశాడు. ‘రెట్టింపు వేగం’ అని అట్ట మీద వేసుకున్నాడు. ఇప్పుడు పల్లెల నుంచి ఒక్క ఫైలూ రావడం లేదయ్యా! ఎవరు పంపినా సగంలో చచ్చిపోతోంది."

వెర్లిన్‌కి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అతనికి ఇన్నాళ్ళూ తట్టని సంగతి ఇది. కౌంటీలో పల్లె తీగలన్నీ ఇలాంటివే. ప్రతి తీగకీ ఒక ఓర్ఫా అత్త ఉంది. అందరూ ఒకలాగే ఎత్తుతారు, ఒకలాగే ఛీ అంటారు, ఇంచుమించు పదకొండు సెకన్లకే పెట్టేస్తారు. డ్వేన్ దొంగిలించినదాంట్లో పనికొచ్చేది అదొక్కటే. దేనివల్ల నడుస్తోందో తెలియక సిగ్గుపడి దాన్నే పీకేశాడు.

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"పాలక్యాను ఒక్క కాపీ నాకు పంపు. లాయరు మాటకి భయపడి నావన్నీ చెరిపేశాను. అందుకోవడానికి ఈ డిస్కు చాలు, పంపడమే దీనికి చేతకాదు. అవసరమైనవాళ్ళకి చాటుగా నేనిస్తాలే. నేనెవరికీ చెప్పను, నువ్వూ చెప్పకు."

"నేను చెప్తాను" అంది ఓర్ఫా అత్త.

వెర్లిన్ అలవాటు కొద్దీ లోపల లెక్కపెట్టాడు. తొమ్మిది, పది, పదకొండు. ఆవిడ పెట్టెయ్యలేదు. రేడియోలో పందుల ధరలు వినపడుతూనే ఉన్నాయి.

"ఎవరది?" అన్నాడు లెలండ్.

"తీగనిరా. చల్లబడుతున్నాను" అంది ఆవిడ. "ఏ చెయ్యిరా నువ్వెత్తింది ఆ రోజు? కుడిదా, ఎడమదా? అందరి ముందూ దొంగకి చెయ్యెత్తి, చాటుగా చెయ్యి చాస్తావా? పిల్లలకి లెక్కలు చెప్పే మొహమేనా అది?"

"అమ్మా, మీకు తెలీదు, లాయరు..."

"ఆ లాయర్ని రమ్మను. కోర్టులో ఫోనెత్తి చూపిస్తాను. జడ్జిగారు గడియారం చూసుకుంటారు."

లెలండ్ నసిగాడు. వెర్లిన్ అప్పుడు నోరు తెరిచాడు. అరవలేదు. అతను ఎర్ర చీటీ కట్టేటప్పుడూ అరవడు. "లెలండ్, పాలక్యాను ఇవ్వనని నేనెప్పుడూ అనలేదు. ఇవ్వనంటే నాకూ వాడికీ తేడా ఏముంది? ఇస్తాను. ఇవాళే, ఇప్పుడే. కానీ చాటుగా కాదు. వచ్చే శనివారం నేలమాళిగలో నువ్వు లేచి, మళ్ళీ చేతులెత్తించు. నీ చెయ్యే ముందు లేవాలి. మొదటి వరసలో నా పేరుంటుంది. పదకొండు పక్కన అత్త పేరుంటుంది. నువ్వు ఆ రెండూ బయటికి చదవాలి."

లెలండ్ గొణిగాడు. "సరే."

"వినపడలేదు" అంది ఓర్ఫా అత్త.

"సరే అన్నానమ్మా! చదువుతాను!"

ఆవిడకి వినపడ్డాక ఇక కాగితాలెందుకు, సంతకాలెందుకు? సాయంత్రానికల్లా కౌంటీ అంతా తెలిసిపోతుంది. లెలండ్‌కి కూడా ఆ సంగతి ఇప్పుడర్థమైంది.

వెర్లిన్ దుప్పటి తీశాడు. సంతోషమేమీ లేదు అతనిలో. ఈ మనిషికా తను మొదటి క్యాను పంపింది, ఈ మనిషికా మళ్ళీ పంపుతున్నది అన్న చీదర పోలేదు. ఆర్లిస్ కుర్చీ జరిపింది. అతను రిసీవర్ని గిన్నెల్లో బోర్లించాడు. ఈల మొదలైంది. నూట ఇరవై క్యాన్ల ఫైలు, ఏ ఆటంకమూ లేకపోతే తొమ్మిది నిమిషాల పని.

మొదటి క్యాను అందింది. రెండోదాని మీద తెర ఆగింది. మళ్ళీ పంపు. పదకొండు సెకన్లు. రెండోది అందింది, మూడోదీ అందింది, నాలుగోది విరిగింది. మళ్ళీ పదకొండు.

"ఆవిడకి అలవాటు కొద్దీ..." అంది ఆర్లిస్.

వెర్లిన్ కిటికీలోంచి చూశాడు. పక్కింటి కిటికీలో ఓర్ఫా అత్త కుర్చీ ఫోను పక్కకి లాక్కుని, ఒళ్ళో పిల్లిని పెట్టుకుని, నిటారుగా కూర్చునుంది. రిసీవరు ఎత్తింది. తొణక్కుండా విని, పెట్టింది. కాస్త ఆగి, మళ్ళీ ఎత్తింది. ఇతన్ని చూసి చెయ్యూపింది. అవతల కౌంటీ పట్టణంలో లెలండ్ బాష్, ప్రతిసారీ పదకొండు సెకన్లు, ఖాళీ తెర ముందు కూర్చుని, తన చెయ్యి సంగతి ఆలోచించుకోవాలి. ఇంకోసారి, ఇంకో పదకొండు.

"వెళ్ళి ఆవిడకి చెప్పరాదూ" అంది ఆర్లిస్, నవ్వాపుకుంటూ.

"లైను ఖాళీగా ఉందో లేదో చూసుకుంటోందిలే" అన్నాడు వెర్లిన్. కాఫీ పోసుకుని కూర్చున్నాడు. పాలక్యాను లెలండ్ ఇంటికి చేరేసరికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది.